పురిటి ఎరుపు

పురుడు, రెండో రోజు

నిన్న మా చెల్లెలు రజితకు కొడుకు పుట్టాడు. నేను గాలి తొట్ల కాపరిని. కాపరి తొట్ల సంగతి మాత్రమే రాయాలి, ఇంటి సంగతులు రాయకూడదని గని పెద్ద, ఓవర్‌మన్ రాజలింగు ఎప్పుడూ అంటాడు. అననీ. ఈ గనిలో పురుడు పోసేదీ తొట్లు పెట్టేదీ ఒకే హాల్లో అయితే నేనేం చేసేది? గాలి పుట్టేచోటే బిడ్డ పుట్టాలన్నది మా పెద్దలు పెట్టిన ఆనవాయితీ. పైన ఎండకు మనిషి నిలబడలేని రోజులొచ్చాక పాత బొగ్గు గనిలోకి దిగి, సొరంగాల్లో కాపురాలు పెట్టినవాళ్లు వాళ్లు. వాళ్ల మాట కాదనేదెవరు?

అందుకని అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. తొట్ల మీది తెల్ల దీపాలన్నిటికీ ముదురెర్ర పురిటి బట్ట రెండు మడతలేసి కట్టాను. ఇరవయ్యొకటో రోజు దాకా పసిగుడ్డు కళ్లకు తెల్ల వెలుగు తగలకూడదు. గనిలో తెల్ల దీపాలు తొట్ల మీదే ఉన్నాయి, మిగతా సొరంగాల్లో ఎప్పుడూ మసక ఎర్ర బల్బులే. బాలింతకు పథ్యం పెట్టినట్టే తొట్లకు గెణుసుగడ్డ పాకం పోశాను. వెలుగు తక్కువైన రోజుల్లో తొట్ల నీళ్లలో పెరిగే పచ్చకు బలం కావాలి కదా. ఆ పచ్చ వెలుగు తాగి మాకు గాలి వదులుతుంది, వడగట్టి కాలిస్తే రొట్టె అవుతుంది. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు.

గని మొత్తం పురుడు పాటిస్తోంది. తవ్వకాలు లేవు, పరుగులు లేవు, హాల్లోకి నిప్పు తేవడం లేదు. బిడ్డ తండ్రి ఓదెలు గడప బయటే కూర్చుని మెడ సాచి చూస్తున్నాడు. అందరికీ కాస్త తల బరువుగా ఉంది. దాన్ని పురిటి బరువు అంటాం. తల్లి పడ్డ నొప్పిని ఊరంతా తలా కొంచెం పంచుకోవడమట. ఈసారి నాకు వాటా ఎక్కువే వచ్చినట్టుంది, కణతలు పగిలిపోతున్నాయి.

ఈ ఏడు మా వాళ్లు తెగ కన్నారు. ఒకరి పురుడు అయిందనుకునేలోపు ఇంకొకరిది. ఇది ఐదోది. మధ్యలో బట్టలు విప్పి ఉతికే సందు కూడా దొరకలేదు.

రజిత మాత్రం నిమిషానికోసారి పైకి చూస్తోంది. "అక్కా, ముడి జూసినవా?"

"జూసిన తల్లీ. మూడుసార్లు జూసిన. ఇంకోసారి జూస్తే ఆ ముడికే సిగ్గయితది."

అది నవ్వలేదు. నవ్వదని నాకు తెలుసు. రెండేళ్ల కింద దాని తొలిచూలు కొడుకు ఇదే హాల్లో, తొమ్మిదో రోజున పోయాడు. ఆ ఏడు కూడా పురుళ్లు వరసగా వచ్చాయి, దానిది మూడోది. ఒక దీపం మీది ముడి జారి తెల్ల వెలుగు ఊయల మీద పడింది. అందరూ ఉరికొచ్చి చూస్తే బిడ్డ నీలంగా ఉన్నాడు. వెలుగు మింగిందన్నారు. ఆ మాట రజిత చెవుల్లో ఇంకా ఉంది.

పురుడు, నాలుగో రోజు

రొట్టె కుదరడం లేదు. పెనం మీద వేస్తే పొడిపొడిగా రాలిపోతోంది. పచ్చ తక్కువైందా అంటే అదీ కాదు, జల్లెడ నిండా దిగుతోంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువు లేదు. తాలు గింజలు చేటలో పోసినట్టుంది.

నాకు అనుమానం వస్తే నిద్రపట్టదు. ఒక గ్లాసు పచ్చ తీసుకుని తాహెరా టీచర్ దగ్గరికి వెళ్లాను. పిల్లలకు చదువు చెప్పేది ఆమే. గనిలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపు కూడా ఆమెదే. నేను రొట్టెను, పెనాన్ని, గెణుసుగడ్డను వరసబెట్టి తిడుతుంటే ఆమె చెయ్యెత్తింది.

"సారక్కా, నువ్వు తిట్టుడు ఆపితే నేను జూస్త."

పచ్చ చుక్కలో ఏదో మందు కలిపింది. ఆ మందు డీఎన్‌ఏకు అంటుకుని మెరుస్తుందట. ఒక్కో జీవి లోపల దాని పుట్టుక రాత ఉంటుంది, అదే డీఎన్‌ఏ అని చెప్పింది. చాలాసేపు కంటికి ఆనించుకుని చూసింది. మాట్లాడని టీచరు కంటే భయపెట్టేది ఇంకోటి లేదు.

తర్వాత నన్ను చూడమంది. చీకట్లో చిన్నచిన్న పుల్లల్లా ఉన్నాయి.

"ఒక్కో పుల్లల ఐదారు మెరుపులు ఉండాలె. ఎన్ని ఉన్నయ్?"

"కొన్నిట్ల ఒక్కటున్నది. కొన్నిట్ల..." మళ్లీ చూశాను. "టీచరమ్మా, శానా వాటిల ఏం లేదు."

"అవే నీ తాలు గింజలు."

పురుడు, ఆరో రోజు

తాహెరా రెండు రోజులు ఏవేవో పరీక్షలు చేసి ఇవాళ చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

"తిండి పెడితే ఒళ్లు పెరుగుతది, పెరిగినంక రెండుగ విడిపోతది. పాకం పోసి నువ్వు అదే చేస్తున్నవు. కానీ డీఎన్‌ఏకు నకలు రాసుకునుడు తిండితోని కాదు. మంచి వెలుగు పడాలె. ఆ వెలుగుకు లోపల కరెంటు లెక్క పారుతది. అది పారితేనే నకలు మొదలైతది, పారినంతసేపే సాగుతది. కిరణజన్య సంయోగక్రియ అని చిన్నప్పుడు చదువుకోలేదా?"

"ఆ పేరు పలికేలోపల పోరనికి పేరు పెట్టొచ్చు. ఎరుపుల ఆ కరెంటు పారదా?"

"ఇంత ముదురు ఎరుపుల, అదీ రెండు మడతలల్ల, సన్నగ పారుతది. కొంచెం గాలికి సరిపోతది, నకలుకు సాలది."

"మరి ఇన్నేండ్ల సంది పురుళ్లు పోస్తలేమా? తొట్లు ఎట్ల బతికినయ్?"

"ముందే దాచుకున్న నకళ్లు ఉంటయ్ కదా. విడిపోయినప్పుడల్లా పిల్లలు అవే పంచుకుంటయ్. ఒక్క పురుడైతే ఆగుతయ్. బట్ట తీసినంక మళ్ల రాసుకుంటయ్."

అప్పుడు నాకు అర్థమైంది. ఎకరం పొలాన్ని అన్నదమ్ములు పంచుకుని, వాళ్ల కొడుకులు పంచుకుని, మనవళ్ల దగ్గరికొచ్చేసరికి గట్టు తప్ప ఏం మిగలనట్టు. ఐదు పురుళ్లు వరసగా. పచ్చకు మేం రాసుకునే తీరిక ఇవ్వలేదు. కడుపు నింపాం, వెలుగు ఆపాం.

"నీ మైక్రోస్కోపుల రంగు పచ్చగనే ఉన్నది గదా" అన్నాను. ఆశ చావదు.

"కొన్నాళ్లు పాతదాని మీద నడుస్తది. లోపల ఏదన్న చెడిపోతే మళ్ల చేసుకునే రాత లేదు దానికి. ఇస్తున్న గాలి గూడ రోజురోజుకు తగ్గుతుంటది."

"బట్టలు తీసేస్తే?"

"రాత మిగిలినవి తేరుకుంటయ్. తాలువి వెలుగుకు మాడి కుళ్లుతయ్. కుళ్లేటప్పుడు ఉన్న గాలిని తింటయ్. కొన్ని రోజులు శానా కష్టమైతది సారక్కా."

"తియ్యకుంటే?"

"ఇరవయ్యొకటో రోజుకు విత్తనం గూడ మిగలది."

భయమేసింది. హాలుకు తిరిగొచ్చి తొట్లను చూశాను. ఎర్ర వెలుగులో నల్లగా, నిండుగా, ఎప్పటిలాగే ఉన్నాయి. ఊయలలో చిన్నోడు పడుకున్నాడు. మంచి పిల్లాడు, ఏడుపే లేదని పొద్దున అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ మెచ్చుకోలు గుర్తొచ్చి, వంగి వాడి ఊపిరి లెక్కపెట్టాను.

పురుడు, ఏడో రోజు

బట్టలు తీసేయాలని రాజలింగు ముందు అరిచాను. ఆయన అరవలేదు. ఆయన తాత కూడా ఇదే గనిలో బొగ్గు తవ్వాడట.

"ఇంకో పద్నాలుగు రోజులు ఓపిక వట్టు సారక్కా. ఇరవయ్యొకటో నాడు నేనే నిలవడి తీపిస్త. ఆ పొల్ల ఒక కొడుకును పోగొట్టుకున్నది. రెండోది నా మాట మీద పోతే నేనేం మొకం వెట్టుకోని తిరగాలె?"

"పద్నాలుగు రోజులకు నీ మొకం జూసేటందుకు ఎవ్వలు మిగులుతరన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాటలతో కదిలే మనిషి కాదు. సరే అని గోడకు వేలాడుతున్న సేఫ్టీ దీపం తీసి ముట్టించాను. పాత గని దీపం అది. గాజులోపల చిన్న మంట. గాలి బాగుంటే మంట నిలబడుతుంది, లేకపోతే ముడుచుకుంటుంది. గనివాళ్లు దేవుణ్ని నమ్మకపోయినా దాన్ని నమ్ముతారు. పురిటి హాల్లోకి నిప్పు తేకూడదు కాబట్టి, ఈ ఐదు పురుళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ దాన్ని అక్కడికి తీసుకుపోలేదు.

నేను తీసుకుపోయాను. వెనకాల రాజలింగు "ఏయ్, నిప్పు! నిప్పు!" అని అరుస్తూ వచ్చాడు. బొటనవేలంత మంట గడప దగ్గరికి వచ్చేసరికే సగమైంది. రెండడుగులు లోపలికి వెయ్యగానే కందిగింజంత అయింది. తొట్టి పక్కన, ఊయల ఎత్తులో పట్టుకున్నాను. ఆరిపోయింది.

రాజలింగు ఆరిన దీపం అందుకుని గాజులోకి చూశాడు. గాలి పుట్టేచోట మంట ఆరడం ఆయన బతుకులో చూసి ఉండడు.

"ఇది అబద్ధమాడదు" అన్నాడు చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు. తర్వాత మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. అది రెస్క్యూ గది తాళం. ప్రమాదాల కోసం దాచిన గాలి సిలిండర్లు అందులో ఉన్నాయి.

"కానీ ముడి ఇప్పాల్సింది తల్లే. అది మాత్రం నేను మార్చ. రజితను ఒప్పియ్."

పురుడు, ఎనిమిదో రోజు

ఒప్పుకోలేదు.

పచ్చ గురించి చెప్పాను, తాలు గురించి చెప్పాను, మంట ఆరిన సంగతి చెప్పాను. అంతా విని, బిడ్డను గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగింది.

"నువ్వు తొట్ల కాపరివి. నీకు తొట్లే కనవడ్తయ్. నాకు వీడు కనవడ్తడు."

"వీని కోసమే చెప్తున్ననే మొద్దూ! గాలి లేకుంటే వీడెట్ల బతుకుతడు?"

"వెలుగు వడ్డంక వాడెట్ల వోయిండో నువ్వు జూడలేదా? నువ్వే గదా వాణ్ని నా చేతులకెల్లి తీసుకున్నది?"

నిజమే, నేనే తీసుకున్నాను. సిలిండరు తెచ్చి ఊయల పక్కన పెడితే, ఆ ఇనుప వాసన పడదని దూరం జరిపింది. చిన్నోడు ఇవాళ పాలు సరిగా తాగలేదు. రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుతున్నాడు. పురిటి బరువు వాడికీ వచ్చిందిలే అంది ఎవరో ముసలామె, ముద్దుగా. ఆమెను కొట్టాలనిపించింది.

పురుడు, తొమ్మిదో రోజు

జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పోనీ.

పొద్దున్నుంచీ రజిత మంచం దిగలేదు. ఇవాళ తొమ్మిదో రోజు కదా, దాని కళ్లు ముడుల మీదే ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను. తిట్టే ఓపిక కూడా లేదు. ఊయలను చూస్తుంటే ఒక మాట తట్టింది. ఇన్నేళ్లు ఇంతమందిమి ఉండి ఎవరికీ ఎందుకు తట్టలేదో!

"రజితా, వెలుగు తగలొద్దన్నది ఎవలకే?"

"పిల్లగానికి."

"మరి బట్ట దీపానికెందుకు కడ్తున్నం? ఊయలకు కడదాం. నాలుగు మడతలేసి కడదాం. వాని చీకటి వానికుంటది, తొట్ల వెలుగు తొట్లకుంటది."

రజిత దీపాన్ని, ఊయలను కొలిచినట్టు చూసింది. తర్వాత లేచి, నా భుజం పట్టుకుని స్టూలు ఎక్కింది. "నువ్వు ఊయల కాడ నిలవడు. నేను ఇప్పంగనే బట్ట అందుకో, వెంటనే కప్పు" అంది. గడప దగ్గర రాజలింగు, తాహెరా, ఓదెలు నిలబడ్డారు.

మొదటి ముడి విప్పింది. బట్ట నా చేతుల్లో పడింది. తెల్ల వెలుగు ఊయల మీద పడింది, ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఇద్దరం చూశాం.

చిన్నోడి పెదాలు నీలంగా ఉన్నాయి. వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి.

రజిత వేసిన కేక ఈ సొరంగాల్లో ఇంకా తిరుగుతున్నట్టే ఉంది. స్టూలు మీంచి దూకింది. "మింగింది! మల్ల మింగింది! కట్టు, అక్కా, కట్టు!" అంటూ నా చేతిలో బట్ట లాక్కుని మళ్లీ దీపం వైపు ఎగబడింది. నిజంగానే వెలుగు మింగిందేమో, నా నోటితో నేనే ఈ బిడ్డను చంపానేమో అనుకున్నాను.

దాన్ని ఆపాలని చెయ్యి చాచాను. అప్పుడు నా చెయ్యి కనిపించింది. గోళ్లన్నీ నీలంగా ఉన్నాయి.

రజిత పెదాలు చూశాను, నీలం. గడప దగ్గర నిలబడ్డ ఓదెలు పెదాలు, రాజలింగు పెదాలు, నీలం. ఎర్ర వెలుగులో ఏ రంగూ తెలియదు. నెలల తరబడి మేం ఒకరి మొహం ఒకరం ఎరుపులోనే చూసుకుంటున్నాం.

దాని రెక్క పట్టుకుని గుంజాను. "నా గోర్లు జూడే! జూడు! నన్ను గూడ వెలుగే మింగిందా? నీ మొగన్ని జూడు, వాడు వెలుగులకు గూడ రాలే! ఇది ఇయ్యాల్లది కాదే. వెలుగు చేసింది కాదు. వెలుగు చూపిచ్చిందే!"

అది నా గోళ్లు చూసింది. తన గోళ్లు చూసుకుంది. చేతిలోని బట్ట జారిపోయింది.

అప్పటికే ఓదెలు మైల, గడప అన్నీ మరిచి లోపలికొచ్చాడు. సిలిండరు మూత తిప్పి, గొట్టం బిడ్డ ముక్కు దగ్గర పెట్టాడు. అందరం వంగి ఆ చిన్న పెదాల వంకే చూశాం. ఎంతసేపో తెలియదు. మొదట ఏమీ మారలేదు. తర్వాత నీలం కాస్త పలచబడింది. ఆ తర్వాత పై పెదవి మధ్యలో ఎరుపు కనిపించింది, బట్ట ఎరుపు కాదు, నెత్తుటి ఎరుపు. చిన్నోడు కళ్లు గట్టిగా మూసుకుని, పుట్టిన తర్వాత మొదటిసారి గొంతు చించుకుని ఏడ్చాడు.

మిగిలిన ముడులన్నీ రజితే విప్పింది. పచ్చ ఒక్కసారిగా మాడిపోకుండా, తాహెరా చెప్పినట్టు దీపాలను కొంచెం పైకి లాగి కట్టాం.

పురుడు, పదకొండో రోజు

ఇదే అసలు నరకం. తొట్లు పసుపురంగుకు తిరిగి నురగ కక్కుతున్నాయి. కుళ్లు కంపు. నడవగలిగిన వాళ్లందరినీ రాజలింగు నేలకు దగ్గరగా ఉన్న పై గ్యాలరీకి పంపాడు. అక్కడ ఉడికిపోయే వేడి, అయినా పైనుంచి కాస్త గాలి దిగుతుంది. ఆ వేడికి పసిబిడ్డ ఆగడు. అందుకే రజిత, చిన్నోడు, నేను, తాహెరా ఇక్కడే ఉన్నాం.

నేను జల్లెడతో కుళ్లు తోడి పోస్తున్నాను. నాలుగు జల్లెళ్లకు ఒకసారి కూర్చోవాల్సి వస్తోంది. ఉన్న సిలిండర్లలో సగం అయిపోయాయి. ఒక్కో తొట్టి అడుగున కాస్త పచ్చ ఉంది. అది పచ్చో, తాలో చూసి చెప్పలేను. ఈ మాట రాస్తుంటేనే ఊపిరి ఆడడం లేదు.

పురుడు, పదమూడో రోజు

ఆఖరి సిలిండరు పెట్టాం. దేవుడా!

పురుడు, పదిహేనో రోజు

తాహెరా పిలిచింది. లేవలేక గోడ పట్టుకుని వెళ్లాను. మైక్రోస్కోపులో పుల్లలు తక్కువే ఉన్నాయి. కానీ ఒక్కో దాంట్లో మూడు మెరుపులు, నాలుగు మెరుపులు.

"రాసుకుంటున్నయ్ సారక్కా" అంది. నేనైతే సిగ్గు లేకుండా బల్ల మీద తలపెట్టి బోరుమన్నాను. ఆ తర్వాత సేఫ్టీ దీపం ముట్టించి తొట్టి పక్కన పెట్టాను. మంట చిన్నదే, కందిగింజంత. ఆరలేదు.

పురుడు, ఇరవయ్యొకటో రోజు

జనం కిందికి దిగొచ్చారు. మంట బొటనవేలంత అయింది. ఇంకా రోజూ చూస్తాను, నిద్రలో కూడా లేచి చూస్తాను. ఈ భయం నన్ను ఇప్పట్లో వదలదు.

ఇవాళ పేరు పెట్టే రోజు. అందరూ ఊయల చుట్టూ చేరారు. రజిత బిడ్డను ఒళ్లో పెట్టుకుని, తెల్ల వెలుగులో వాడి పెదాలను వేలితో తడుముతోంది. పేరేమిటని అడిగారు. అది నా వైపు తిరిగి, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"అక్కా, పెద్దోడు... వాడు ఎన్ని రోజుల సంది నీలంగ ఉన్నడే? ఏడుస్తలేడు, మంచోడని నేను ముద్దాడుకుంట కూసున్న గదనే?"

దాని తల నా పొట్టకు ఆనించుకుని నిలబడ్డాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని పేరు చెప్పింది. పెద్దోడి పేరే పెట్టింది.

వాణ్ని ఊయలలో పడుకోబెట్టాక, నేను అలవాటుగా ఎర్ర బట్ట కప్పబోయాను. రజిత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దక్కా."

"కండ్లకు వెలుగు కొడ్తదే."

"కండ్లు మూసుకుంటడు తియ్. నాకు వాని రంగు కనవడాలె."